పసిఫిక్ దీవుల్లో ఇంత షుగర్ ఎక్కడి నుంచి వచ్చింది? టర్కీ తోకలు, డబ్బా మాంసం, చేమదుంపల గురించి

ఉప్పుగాలి (ఆక్లండ్), సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో ఒక డయాలసిస్ యూనిట్‌లో నర్సుని. మా ఊరు కాకినాడ దగ్గర. ఇక్కడికొచ్చి ఆరేళ్ళయింది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది సమోవా, టోంగా, కుక్ దీవుల వాళ్ళు. వారానికి మూడు రోజులు రావాలి, వచ్చినప్పుడల్లా నాలుగైదు గంటలు కుర్చీలో కూర్చోవాలి. ఎవరిని కదిపినా ఒకటే వరస: మొదట షుగర్, తర్వాత బీపీ, ఆ తర్వాత కిడ్నీలు. కొందరికి కాలి వేళ్ళు కూడా తీసేశారు. నా వయసువాళ్ళు కూడా ఉన్నారు. రోజూ చూస్తున్నా నాకు అలవాటు కావడం లేదు.

మొన్న ఒక సమోవా పెద్దాయన తన చిన్నప్పటి తిండి గురించి చెప్పారు. ఆదివారం తెల్లవారకముందే మగపిల్లలు లేచి రాళ్ళు కాల్చి ‘ఉము’ వేసేవాళ్ళట. ఎర్రగా కాలిన రాళ్ళ మీద టారో దుంపలు, సీమపనస, పచ్చి అరటికాయలు, చేపలు పేర్చి, పైన అరటాకులు కప్పేస్తారు. లేత టారో ఆకుల్లో కొబ్బరిపాలు పోసి కట్టిన పొట్లాలు కూడా అందులోనే పెడతారు. వాటిని పలుసామి అంటారు. టారో అంటే మన చేమదుంప జాతే, కాకపోతే ఒక్కో దుంప చాలా పెద్దది. చర్చి నుంచి వచ్చేసరికి అన్నీ ఉడికి ఉంటాయి. ‘మా తాతకి షుగర్ అనే మాటే తెలీదు’ అన్నారాయన.

తర్వాత ‘పిసుపో’ వచ్చిందన్నారు. అది ఇంగ్లీషు ‘పీ సూప్’ నుంచి పుట్టిన మాటట. మొదట్లో ఓడల మీద వచ్చిన డబ్బాల్లో బఠానీ సూప్ ఉండేది కాబట్టి డబ్బా తిండికంతా ఆ పేరే పడింది. ఇప్పుడు పిసుపో అంటే ఉప్పు పట్టించిన డబ్బా గొడ్డుమాంసం.

ఆఖర్న ఆయన నన్ను ఒకటి అడిగారు. ‘మా ప్రభుత్వం టర్కీ తోకలు రాకుండా ఆపింది. మళ్ళీ రానిచ్చింది. ఎందుకో తెలుసా?’ నాకు తెలీదు. ఇక్కడ ఎవరికైనా తెలిస్తే చెప్పండి. రెండో సంగతి కూడా ఉంది. నాతో పనిచేసేవాళ్ళలో ఒకరిద్దరు ‘వీళ్ళది బద్ధకం, తిండి మీద అదుపు లేదు’ అంటారు. వింటే మనసు చివుక్కుమంటుంది, కానీ సరైన జవాబు చెప్పలేకపోతున్నాను.

లెక్కలపుస్తకం (హైదరాబాద్), సోమవారం రాత్రి 10:25

ఉప్పుగాలి గారూ, నేను ఎగుమతి దిగుమతుల రంగంలో పనిచేశాను. మొదటి ప్రశ్నకు నాకు తెలిసింది చెబుతాను.

టర్కీ కోడికి తోక ఈకలు అంటుకుని ఉండే కొవ్వు ముద్దనే టర్కీ తోక అంటారు. అమెరికాలో కోడిని కోసేటప్పుడు దాన్ని తీసేస్తారు, అక్కడ పెద్దగా ఎవరూ కొనరు. పారేయడం కన్నా గడ్డకట్టించి ఓడెక్కిస్తే ఎంతో కొంత వస్తుంది. అలా అది సమోవా చేరింది. గొర్రె పొట్ట కింది కొవ్వు మాంసం సంగతీ అంతే. దాన్ని మటన్ ఫ్లాప్స్ అంటారు. న్యూజీలాండ్, ఆస్ట్రేలియా వాళ్ళు మంచి ముక్కలు తాము తిని, లేదా ధర పలికే దేశాలకు అమ్మి, ఈ భాగాన్ని దీవులకు పంపేవాళ్ళు. అక్కడ తాజా చేప కన్నా ఇదే చవక.

సమోవా 2007లో టర్కీ తోకల దిగుమతిని నిషేధించింది. కారణం ప్రజారోగ్యమే. అప్పటికే సమోవా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాలని ప్రయత్నిస్తోంది. చర్చల్లో ఈ నిషేధం అడ్డొచ్చింది. ఒక్క సరుకును ఏరి ‘ఇది రాకూడదు’ అనడం వాళ్ళ నియమాలకు కుదరదు. 2012 మేలో సమోవా సభ్యదేశం అయింది, మరుసటి ఏడు నిషేధం పోయింది. దాని బదులు భారీ దిగుమతి సుంకం, మొదట 300 శాతం, వేసుకోవడానికి ఒప్పుకున్నారు. మీ పెద్దాయనకు ఇదే చెప్పండి.

ఫిజీ ఇంకోలా చేసింది. 2000లో మటన్ ఫ్లాప్స్ అమ్మకాన్నే ఆపేసింది. ఎక్కడి నుంచి వచ్చినా సరే, దేశంలో అమ్మకూడదు అంది. న్యూజీలాండ్ అభ్యంతరం చెప్పినా ఫిజీ వెనక్కి తగ్గలేదు. చిన్న దేశం అంత గట్టిగా నిలబడటం చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

గోదారిలంక (కోనసీమ), మంగళవారం ఉదయం 6:15

అక్కా, ఒక సందేహం. వాళ్ళు తరతరాలుగా కొబ్బరి తింటున్నారు కదా. కూరలో కొబ్బరిపాలు, ఆకు పొట్లంలో కొబ్బరిపాలు. మా లంకలోనూ కొబ్బరి లేని ఇల్లు లేదు. గుండెకు మంచిది కాదని మా నాన్నకి డాక్టరు కొబ్బరి మానిపించారు. మరి దీవుల వాళ్ళకు జబ్బు కొబ్బరి వల్ల వచ్చింది కాదా?

పల్లెవైద్యం (నరసరావుపేట), మంగళవారం మధ్యాహ్నం 2:10

గోదారిలంక గారూ, సరిగ్గా ఇదే ప్రశ్న ఇయాన్ ప్రయర్ అనే న్యూజీలాండ్ వైద్యుడు 1960లలో వేసుకున్నారు. పుకాపుకా, టోకెలావు అనే రెండు పగడపు దీవుల సముదాయాలకు వెళ్ళి ఆయన బృందం పరిశీలించింది. అక్కడ నేలంతా పగడపు ఇసుక. కొబ్బరి, చేప, కొద్దిగా సీమపనస, దుంపలు తప్ప ఏమీ పండవు. టోకెలావులో ఒంటికి అందే శక్తిలో సగానికి పైగా కొబ్బరి నుంచే వచ్చేది. పుకాపుకాలో మూడోవంతు. టోకెలావు వాళ్ళ కొలెస్టరాల్ పుకాపుకా వాళ్ళకన్నా ఎక్కువే ఉంది. కానీ గుండె, రక్తనాళాల జబ్బులు రెండుచోట్లా అరుదు.

అసలు విషయం తర్వాత తేలింది. 1966లో తుపాను కొట్టాక టోకెలావు వాళ్ళు కొందరు న్యూజీలాండ్‌కు తరలివెళ్ళారు. ఆ బృందం అక్కడా వాళ్ళను వదలకుండా చూస్తూ వచ్చింది. న్యూజీలాండ్‌లో వాళ్ళు కొబ్బరి తక్కువ తిన్నారు. బ్రెడ్డు, పంచదార, మాంసం ఎక్కువ తిన్నారు. బరువు పెరిగింది, బీపీ పెరిగింది, షుగర్ పెరిగింది. అదే మనుషులు, అదే రక్తం, కొబ్బరి మాత్రం తగ్గింది.

పాపువా న్యూగినీలో కితావా అనే దీవి ఉంది. 1990 ప్రాంతంలో స్వీడన్ వైద్యుడు స్టఫాన్ లిండెబర్గ్ అక్కడ చూశారు. పెండలం, చిలగడదుంప, టారో, పండ్లు, చేప, కొబ్బరి. చుట్ట బీడీలు తాగేవాళ్ళు చాలా ఎక్కువమంది. అయినా పక్షవాతం, గుండెపోటు దాదాపు కనబడలేదు.

మీ నాన్నగారికి వాళ్ళ డాక్టరు చెప్పింది మాత్రం మార్చకండి. దీవి మనిషి కొబ్బరితో పాటు చేప తిన్నాడు, పడవ తోశాడు, చెట్టెక్కాడు. పంచదార ఎరగడు. మనం ఆ మొత్తంలోంచి కొబ్బరి ఒక్కటీ ఏరుకుని ఇదే మందు అంటే నేను ఒప్పుకోను.

సూటిమాట (బెంగళూరు), మంగళవారం సాయంత్రం 7:30

నేను వేరేలా ఆలోచిస్తున్నాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. చవకగా వచ్చిందని ఎవరూ నోట్లో కుక్కరు కదా. నాకు షుగర్ బోర్డర్‌లో ఉందని తెలిసిన రోజు నుంచి అన్నం తగ్గించాను, రోజూ గంట నడుస్తున్నాను, అదుపులోకి వచ్చింది. వాళ్ళకూ చేప ఉంది, దుంపలున్నాయి, సముద్రం ఉంది. అవి మానేసి డబ్బా మాంసం ఎంచుకున్నది వాళ్ళే. ప్రభుత్వాలు, ఓడలు, ఒప్పందాలు అంటూ పోతే మనిషి బాధ్యత ఎక్కడ?

ఉప్పుగాలి (ఆక్లండ్), మంగళవారం రాత్రి 11:05

సూటిమాట గారూ, మీరు చేసింది గొప్ప పని. కానీ నా ఎదురుగా కుర్చీలో కూర్చునేవాళ్ళ రోజు ఎలా ఉంటుందో కాస్త చెబుతాను.

ఒకావిడ రాత్రి ఆఫీసులు తుడిచే పని చేసి తెల్లవారి ఇంటికి చేరుతుంది. ఇంట్లో తొమ్మిది మంది. ఆక్లండ్‌లో టారో దొరుకుతుంది, కానీ అది ఫిజీ నుంచో ఇంకో దీవి నుంచో ఓడలో రావాలి. ఒక పూటకు ఇంటిల్లిపాదికీ సరిపడా టారో కొనే డబ్బుతో వారానికి సరిపోయే బ్రెడ్డు, బియ్యం వస్తాయి. టారో చెక్కు తీయాలి, చాలాసేపు ఉడకాలి, లేకపోతే గొంతు దురద. మన చేమదుంప ఎంత విసిగిస్తుందో మీకు తెలుసు కదా.

ఇంకో సంగతి. సమోవా వాళ్ళకు పెళ్ళి, చావు, కొత్త చర్చి కట్టడం, ఏది వచ్చినా బంధువులందరూ ఇచ్చిపుచ్చుకోవాలి. దాన్ని ఫాఅలవెలవె అంటారు. చాపలు, డబ్బు, వాటితో పాటు పిసుపో డబ్బాలు, డబ్బా చేపల పెట్టెలు. మన సారెలో లడ్డూలు, అరిసెలు ఎన్ని పెట్టారని లెక్క చూసుకున్నట్టే అక్కడ పెట్టెలు లెక్క చూస్తారు. డబ్బా చాలాకాలం చెడిపోదు, ఓడలో పంపొచ్చు, ఇచ్చినవాళ్ళ పరువు నిలబెడుతుంది. ఒకప్పుడు పంది, టారో ఉన్న చోట అది కూర్చుంది. ‘నేను తినను, నాకు షుగర్’ అని ఒక్కరు ఇంట్లో చెప్పుకోవచ్చు. ‘మా ఇంటి చావుకి డబ్బాలు తేవద్దు’ అని అంతమందికి చెప్పగలరా? వీళ్ళలో బద్ధకస్తుల్ని నేను చూడలేదు. రెండు ఉద్యోగాలు చేస్తూ, మధ్యలో డయాలసిస్‌కి వచ్చి, మళ్ళీ పనికి పోయేవాళ్ళను చూశాను.

పల్లెవైద్యం (నరసరావుపేట), బుధవారం మధ్యాహ్నం 1:45

సూటిమాట గారి ప్రశ్నకు నౌరూ కథ చెప్పాలి. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించే కథ అది.

నౌరూ అనే పసిఫిక్ దీవి దేశం మొత్తం 21 చదరపు కిలోమీటర్లు. మన ఒక మండలంలో కొన్ని ఊళ్ళంత. దీవి మధ్య ఎత్తు భూమంతా ఫాస్ఫేట్. 1900ల తొలి ఏళ్ళలో తవ్వకం మొదలైంది. తవ్విన ఫాస్ఫేట్ ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ పొలాలకు, గడ్డిమైదానాలకు ఎరువుగా పోయింది. ఆ గడ్డి తిని గొర్రెలు పెరిగాయి. ఆ గొర్రెల కొవ్వు ముక్కలు తిరిగి దీవులకు వచ్చాయి. దీవి మధ్యలో ఇప్పుడు మిగిలింది సున్నపురాతి మొనలు. అక్కడ చెట్టు నాటడానికి మట్టి లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళు 1,200 మంది నౌరూ వాసులను ‘ట్రక్’ అనే వేరే దీవులకు పట్టుకుపోయారు. 1946లో తిరిగొచ్చింది 737 మంది.

1968లో స్వాతంత్ర్యం వచ్చింది, ఫాస్ఫేట్ డబ్బు వాళ్ళ చేతికొచ్చింది. కొన్నేళ్ళు ప్రపంచంలో ధనిక దేశాల్లో ఒకటి. పండించే నేల లేదు కాబట్టి బియ్యం, పంచదార, డబ్బాలు, కూల్‌డ్రింకులు, చివరికి తాగునీళ్ళు కూడా ఓడల్లోనే దిగాయి. 1970ల మధ్యలో ఆస్ట్రేలియా వైద్యుడు పాల్ జిమ్మెట్ అక్కడ రక్తపరీక్షలు చేస్తే పెద్దవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి షుగర్ తేలింది. ఆ రోజుల్లో వైద్యలోకం నమ్మలేకపోయిన అంకె అది. రెండు తరాల్లో వచ్చిన మార్పు. ఒక జాతి మొత్తానికి రెండు తరాల్లో బాధ్యత తెలియకుండా పోయిందని నేను నమ్మను. నేల పోయింది, దాంతో తిండి పోయింది.

జన్యువులా అని కొందరు అడుగుతారు. కరువును తట్టుకోవడానికి పనికొచ్చిన జన్యువులు తిండి ఎక్కువైనప్పుడు షుగర్ తెస్తాయని 1962లో జేమ్స్ నీల్ ఊహించారు. చాలాకాలం అందరూ దాన్నే పట్టుకున్నారు. 2016లో సమోవా వాళ్ళలో ఒక జన్యు మార్పు దొరికింది. అది ఉన్నవాళ్ళు కాస్త లావుగా ఉంటారు, కానీ వాళ్ళకు షుగర్ ముప్పు ఎక్కువ కాదు, తక్కువే. రక్తంలోనే ఉందని చేతులెత్తేయడానికి ఇక్కడ వీల్లేదు.

కోరంగి (మారిషస్), బుధవారం రాత్రి 8:20

నమస్కారమండీ. నేను మారిషస్‌లో తెలుగు టీచరుని. మా పెద్దలు ఒకటిన్నర శతాబ్దం కిందట కోరంగి రేవు నుంచి ఓడెక్కారు, అందుకే ఇక్కడ తెలుగువాళ్ళను కోరంగీలు అంటారు. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. మా దీవి కథ మీకు చెప్పాలనిపించింది, ఎందుకంటే మా ఇళ్ళలో కూడా ఇదే ఉంది. మా అమ్మకి షుగర్, ఇద్దరు మేనమామలకి షుగర్, చిన్న మామయ్యకి ఒక కాలు లేదు.

మా పెద్దలు చెరకు తోటల్లోకి కూలీలుగా వచ్చారు. ఒప్పందం ప్రకారం బియ్యం, పప్పు రేషన్ ఇచ్చేవారు. చెరకు తప్ప వేరే పంటకు నేల ఉంచలేదు. ఇప్పటికీ మా బియ్యం, గోధుమపిండి బయట నుంచే వస్తాయి. పొద్దున వీధిలో ధోల్ పురీ (పప్పు పెట్టిన రొట్టె) తింటాం, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం వేయించిన నూడుల్స్. పెళ్ళిలో అరిటాకులో ఏడు కూరలు వడ్డిస్తాం. అవి మాత్రం ఇంకా గుమ్మడికాయ, అరటికాయ, పనస, ఆకుకూరల కూరలే.

1987లో ఇక్కడ పెద్ద ఆరోగ్య సర్వే జరిగింది. షుగర్, కొలెస్టరాల్ రెండూ ఎక్కువని తేలింది. అప్పట్లో మేమందరం వాడేది రేషన్ నూనె, అందులో ఎక్కువ భాగం పామాయిల్. ప్రభుత్వం ఆ ఏడే దాన్ని సోయా నూనెగా మార్చేసింది. డబ్బా అదే, దుకాణం అదే, లోపల నూనె మాత్రం మారింది. 1992లో మళ్ళీ రక్తాలు చూస్తే దేశం మొత్తం సగటు కొలెస్టరాల్ 15 శాతం దాకా పడిపోయింది. మీ లెక్కలో చెప్పాలంటే 213 ఉన్నది 182 దగ్గరికి వచ్చింది. మా అమ్మకు ఆ సంగతి ఇవాళ్టికీ తెలీదు. ఎవరూ ఆమెను మనసు గట్టి చేసుకోమని అడగలేదు.

కానీ షుగర్ తగ్గలేదు, పెరిగింది. 2009లో బడుల్లో కూల్‌డ్రింకులు అమ్మకూడదన్నారు. 2013లో కూల్‌డ్రింకుల్లో పంచదార ఎన్ని గ్రాములుంటే అంత పన్ను పెట్టారు. అది చెరకు మీద బతికిన దీవి చేసిన పని. మా బడిలో పిల్లలు ఇప్పుడు గేటు బయట కొనుక్కుని తాగుతున్నారు. నేను రోజూ చూస్తాను, రోజూ ఒక మాట చెబుతాను.

సూటిమాట (బెంగళూరు), బుధవారం రాత్రి 9:50

కోరంగి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నూనె సంగతి నాకు కొత్త. నేను నా ఒక్కడి అనుభవాన్ని అందరికీ వర్తింపజేశానేమో. నాకు నడవడానికి పార్కు ఉంది, వండిపెట్టే మనిషి ఉంది. ఉప్పుగాలి గారూ, ఆ బద్ధకం మాటను సమర్థించినట్టు రాసినందుకు క్షమించండి.

ఒక్కటి మాత్రం తెలుసుకోవాలని ఉంది. వాళ్ళు నిజంగా పాత తిండికి తిరిగి వెళితే జబ్బు తగ్గుతుందా? ఎవరైనా చేసి చూశారా?

పల్లెవైద్యం (నరసరావుపేట), బుధవారం రాత్రి 10:30

చేసి చూశారు. హవాయి దీవుల్లో వాయనే అనే చోట టెర్రీ షింటానీ అనే వైద్యుడు 20 మంది మూలవాసులతో 21 రోజులు పాత హవాయి తిండే తినిపించారు. టారో, టారో రుబ్బి చేసే ‘పోయి’ అనే ముద్ద, చిలగడదుంప, ఆకులు, పండ్లు, కొద్దిగా చేప, కోడి. కొలత లేదు, కడుపునిండా తినమన్నారు. మూడు వారాల్లో సగటున 7.8 కిలోలు తగ్గారు. రక్తంలో పంచదార, కొలెస్టరాల్, బీపీ అన్నీ దిగాయి. 1991లో ఆ వివరాలు వైద్య పత్రికలో వచ్చాయి.

అయితే అది ఒకళ్ళు వండిపెట్టిన మూడు వారాలు. ఇంటికెళ్ళాక టారో ధర ఎవరు కట్టాలి అన్నది వైద్యుడి చేతిలో లేని పని.

లెక్కలపుస్తకం (హైదరాబాద్), గురువారం ఉదయం 7:00

ధర మాట వచ్చింది కాబట్టి సమోవా టారో సంగతి ఒకటి చెప్పాలి. వాళ్ళంతట వాళ్ళు టారో మానేశారనుకోవడం సరికాదు. 1993 దాకా సమోవాకు టారోయే పెద్ద ఎగుమతి పంట, ఇంట్లో పెద్ద తిండి. ఆ ఏడు ఆకుమాడు తెగులు వచ్చింది. ఆకుల మీద మచ్చలు పడి, రోజుల్లో ఆకు మొత్తం కుళ్ళిపోతుంది. దీవుల్లో దాదాపు అందరూ ఒకే రకం వేశారు, అది ఈ తెగులుకు అసలు తట్టుకోలేదు. ఏడాది తిరిగేసరికి ఎగుమతి దాదాపు సున్నా. ఆ ఖాళీలోకి ఇళ్ళలో బియ్యం, బ్రెడ్డు వచ్చాయి. న్యూజీలాండ్ మార్కెట్లోకి ఫిజీ టారో వచ్చింది. ఆక్లండ్‌లో మీరు చూస్తున్నది అదే, ఉప్పుగాలి గారూ.

తర్వాత సమోవా రైతులు, శాస్త్రవేత్తలు కలిసి ఆసియా రకాలతో సంకరం చేసి, ఏళ్ళ తరబడి రుచి చూసి ఎంపిక చేసి, తెగులును తట్టుకునే రకాలు తెచ్చారు. రైతులు తమ పొలాల్లో పెట్టి, వండుకు తిని, ఇది బాగుంది ఇది బాలేదు అని చెప్పాకే అవి నిలిచాయి. కానీ ఈలోగా ఒక తరం పిల్లలు అన్నం, నూడుల్స్ తిని పెరిగిపోయారు.

అలలకావల (పోర్ట్ బ్లెయిర్), గురువారం మధ్యాహ్నం 3:40

చాలా రోజులుగా చదవడమే గానీ రాయలేదు. మా నాన్నగారిది శ్రీకాకుళం జిల్లా తీరం, చేపల వేటకి అండమాన్ వచ్చారు. నేను ఇక్కడే పుట్టాను. కార్ నికోబార్‌లో బడిలో కొన్నేళ్ళు పనిచేశాను, సునామీకి ముందూ తర్వాతా.

నికోబారీల పాత తిండిలో ముఖ్యమైనది మొగలి జాతి చెట్టు పండు. మన మొగలిపువ్వు చెట్టుకి అన్నలాంటిది. పండు మనిషి తలకాయకన్నా పెద్దది. దాన్ని ఉడికించి, గుజ్జు గీకి, పీచు తీసేసి, ముద్ద చేసి ఆకుల్లో చుట్టి దాస్తారు. కొద్దిగా తియ్యగా ఉంటుంది. అది చేయడం ఆడవాళ్ళకు పూటంతా పని. దానితో కంద, పెండలం, కొబ్బరి, చేప. పంది మాంసం పండగలకి. ఓడల వాళ్ళతో కొబ్బరికాయలిచ్చి బియ్యం తీసుకోవడం వాళ్ళకు పాత అలవాటే, కానీ బియ్యం పక్కన ఉండేది, మధ్యలో కాదు.

2004 డిసెంబరు 26న తీరం ఊళ్ళన్నీ పోయాయి. మా బడి పిల్లల్లో చాలామంది తిరిగి రాలేదు. వాళ్ళ గురించి నేను ఇక్కడ రాయలేను. కొబ్బరి తోటలు పడిపోయాయి, మొగలి చెట్లు పోయాయి, పందులు పోయాయి, నేల ఉప్పు పట్టింది. బతికినవాళ్ళను సముద్రానికి దూరంగా షెల్టర్లలోకి మార్చారు. సాయంగా బియ్యం, పప్పు, పంచదార, నూనె, బిస్కెట్లు వచ్చాయి. అవి రాకపోతే చచ్చిపోయేవాళ్ళు, ఆ సాయాన్ని నేను తప్పు పట్టను. కానీ కొత్త కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. అన్నేళ్ళు రేషన్ తిన్న పిల్లవాడికి మొగలి ముద్ద నోటికి పట్టదు. అది చేయడం తెలిసిన అమ్మమ్మ ఆ కెరటంలో పోయింది. మా బడిలో పనిచేసిన ఒక నికోబారీ ఆయన నాతో అన్నారు, ‘సార్, చెట్టు మళ్ళీ వేశాం. చెయ్యి మళ్ళీ ఎలా వేస్తాం?’

రాగిసంకటి (కదిరి), గురువారం సాయంత్రం 6:05

అలలకావల గారి పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మాది దీవి కాదు. అయినా మా అనంతపురం పల్లెల్లో నా చిన్నప్పుడు అన్నం పండగనాడే. రోజూ రాగి సంకటి, జొన్న రొట్టె, కొర్రన్నం. 1983లో రామారావుగారు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక రోజూ అన్నమైంది. కొర్రలు వేసే చేలు తగ్గిపోయాయి. ఇప్పుడు మా వీధిలో ఇంటికొకరికి షుగర్. అందుకు ఆ పథకమే కారణమని చెప్పేంత చదువు నాకు లేదు. మా అవ్వ మాత్రం ఆ బియ్యం వచ్చిన రోజున ఏడ్చింది, ఆకలి తీరిందని. రెండూ నిజమే.

పల్లెవైద్యం (నరసరావుపేట), గురువారం రాత్రి 9:15

రాగిసంకటి గారూ, మీ అవ్వగారి కన్నీళ్ళను ఎవరూ మరిచిపోకూడదు. ఈ చర్చలో చౌక బియ్యాన్ని తిట్టడం నాకూ ఇష్టం లేదు. మారిషస్ వాళ్ళు రేషన్ ఆపలేదు, రేషన్ డబ్బాలో ఏముండాలో మార్చారు. మన రేషన్ కార్డు మీద కూడా రాగులు, జొన్నలు అన్నంతో సమానంగా చౌకగా, ప్రతి నెలా, ఆగకుండా దొరికితే ఎలా ఉంటుందో చూడాలని నా కోరిక.

ఉప్పుగాలి (ఆక్లండ్), శుక్రవారం ఉదయం 5:50

రాత్రి డ్యూటీ ముగించుకుని బస్సులో రాస్తున్నాను. మీరు చెప్పినవన్నీ ఆ పెద్దాయనకి చెప్పాను. వాణిజ్య సంస్థ సంగతి శ్రద్ధగా విన్నారు. 1993 తెగులు ఆయనకు గుర్తుంది. వాళ్ళన్నయ్య పొలం అప్పుడే పోయిందట. ఆ తర్వాతే కుటుంబంలో ఇద్దరు ఆక్లండ్ వచ్చారట.

మీకు ఇంతవరకూ చెప్పనిది ఒకటుంది. మొదటి పోస్టులోనే రాయాల్సింది, చెయ్యి రాలేదు. ఇక్కడ అందరం టారో మంచిది, అరటి మంచిది, కొబ్బరిపాలు పర్వాలేదు అనుకుంటున్నాం. కిడ్నీలు పనిచేసేవాళ్ళకి అది నిజం. నా పేషెంట్లకి కాదు. టారోలో, పెండలంలో, అరటిలో, కొబ్బరిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ దాన్ని బయటకు పంపలేకపోతే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అందుకని మా డైటీషియన్ ఇచ్చే కాగితంలో వద్దు అన్న వరసలో వాళ్ళ దీవి తిండంతా ఉంటుంది. పర్వాలేదు అన్న వరసలో తెల్ల అన్నం, తెల్ల బ్రెడ్డు ఉంటాయి. ఆ కాగితం ఆయన చేతికి ఇచ్చింది నేనే. ఆయన చదివి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ‘ముందు ఇది తిన్నందుకు జబ్బు వచ్చింది, ఇప్పుడు జబ్బు వచ్చినందుకు ఇదే తినాలా’ అని బ్రెడ్డు మాట చూపించి అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు. నేను సూది సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

గోదారిలంక (కోనసీమ), శుక్రవారం ఉదయం 8:30

అక్కా, చదువుతుంటే గొంతు పట్టేసింది. మా నాయనమ్మ చేమదుంపని మొదటిసారి ఉడికించిన నీళ్ళు పారబోసి మళ్ళీ వేరే నీళ్ళలో ఉడికించేది. దురద పోవడానికి అనేది. అలా చేస్తే ఆ పొటాషియం కూడా పోదా? తెలియక అడుగుతున్నాను.

ఉప్పుగాలి (ఆక్లండ్), శనివారం సాయంత్రం 4:20

తమ్ముడూ, నీ మాట తీసుకుని మా డైటీషియన్‌ని అడిగాను. నిజమేనట. చెక్కు తీసి పలచగా తరిగి, చాలా నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళలో ఉడికిస్తే పొటాషియం చాలావరకు దిగిపోతుంది. ఉములో కాలిస్తే దిగదు, అందులోనే ఉండిపోతుంది. ఆయన ఈ నెల రక్తపరీక్ష చూసి, ఆదివారం నాడు చిన్న ముక్క ఒకటి తినొచ్చని ఆవిడ ఒప్పుకుంది. కొబ్బరిపాలు మాత్రం వద్దంది. మా యూనిట్ కాగితంలో ఈ రెండు నీళ్ళ పద్ధతి సమోవా భాషలో, టోంగా భాషలో రాయించమని అడిగాను, చూస్తామన్నారు. సోమవారం మళ్ళీ అడుగుతాను.

ఇది చదివి ఇంట్లో ఎవరూ సొంతంగా మొదలుపెట్టకండి. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళు ముందు వాళ్ళ డాక్టరుని అడగాలి.

పెద్దాయన కూతురికి వివరం రాసిచ్చాను. ఉడికించిన టారోకి ఉము వాసన రాదు కదా అంది ఆ అమ్మాయి. రాదు అన్నాను. గిన్నె అడుగున కాల్చిన అరటాకు ముక్క పరుస్తానంది. దానివల్ల నష్టమేమీ లేదని చెప్పాను.